గోలెంలో పోసిన చెంబు

నా చిన్నప్పుడు మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు మనుషులవి కావు, బర్రెలవి. ఛత్రినాకలో మాది పాల వ్యాపారం. వాకిట్లో నాలుగు బర్రెలు, వాటి ముందు ఒక కుడితి గోలెం. కడుగు నీళ్లు, గంజి, గిన్నెలో మిగిలిన మెతుకులు అన్నీ అందులోకే పోయేవి. తెల్లగా, పల్చగా ఏది కనబడినా నా చెయ్యి దానంతట అదే గోలెం వైపు వెళ్లేది. నేను చేసిన పనికి ఇన్నేళ్లూ ఇదే సాకు చెప్పుకుంటున్నాను. అది సగమే నిజం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మకు గొంతులో పుండు లేచింది. పెద్ద దవాఖానలో చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాటకు అర్థం బాపుకు తెలుసు, నాకు తెలియదు. అమ్మకు ఏదీ మింగుడు పడటం లేదని మాత్రం తెలుసు. పాలమ్మే ఇంట్లో ఆమెకు పాలు కూడా దిగేవి కావు. బాపు రోజూ గిలాసెడు పాలు కాచి, చల్లార్చి, ఆమె పక్కన కూర్చునేవాడు. కాసేపటికి అదే గిలాసతో బయటికి వచ్చేవాడు.

రెండు గల్లీల అవతల చిన్న దవాఖాన ఒకటి ఉండేది. అక్కడ మందులిచ్చే సిస్టరమ్మది మెక్సికో దేశమట. చామనచాయ మనిషి, తెల్ల గౌను లేకపోతే మా బస్తీ మనిషనే అనుకునేవాళ్లం. సగం తెలుగు, సగం ఉర్దూ కలిపి మాట్లాడేది. పొద్దున్నే వాళ్లకు పాలు పోసి వచ్చేది నేనే. ఒకరోజు అమ్మ సంగతి ఆమెకు చెప్పాను. మర్నాడు నా చేతికి మూత పెట్టిన చెంబు ఇచ్చి, అమ్మకు చెంచాతో మెల్లగా పట్టమంది.

దారిలో మూత తీశాను. తెల్లటి నీళ్లు. బియ్యం వాసన, దాంట్లో కలిసి మసాలా చెక్క వేసి వండే బగారా అన్నం వాసన. రాత్రి మిగిలిన బగారా గిన్నె కడిగిన నీళ్లనుకున్నాను. మా అమ్మకు కుడితి పంపిస్తుందా అని రోషం పొడుచుకొచ్చింది. రుచి చూడాలని కూడా అనిపించలేదు. మిగతా సగం కూడా చెప్పేస్తాను. ఎక్కడి మనిషో, ఆమె చేతి నీళ్లు మా ఇంట్లోకి ఎందుకనుకున్నాను. ఆ మాట నాకెవరూ నేర్పలేదు, అయినా వచ్చింది. వాకిట్లో అడుగుపెట్టగానే చెంబు గోలెంలో కుమ్మరించాను. మా ముసలి బర్రె గోలెం అడుగు దాకా నాకింది.

సాయంత్రం సిస్టరమ్మ మా ఇంటికే వచ్చింది. నేను తలుపు వెనక నక్కాను. అమ్మ మంచం పక్కన వంగి, "తాగినవా అమ్మా? దిగిందా?" అని అడిగింది.

అమ్మ మంచం కిటికీ పక్కనే ఉండేది. అక్కడి నుంచి వాకిలి, గోలెం అన్నీ కనబడతాయి. అమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. అప్పటికే ఆమె గొంతు బాగా బొంగురుపోయింది.

"దిగింది సిస్టరమ్మా. మస్తుగుంది. రేపు గూడ పంపుతవా?"

సిస్టరమ్మ మొహం వెలిగిపోయింది. మంచం అంచున కూర్చుని ఆ పానీయం సంగతంతా చెప్పింది. స్పెయిన్ వాళ్లు ఓడల మీద వచ్చి వాళ్ల దేశాన్ని ఏలారట. గుళ్లు కూలగొట్టారట, భాష మార్చారట. ఈ పానీయం కూడా వాళ్లు తెచ్చిందే. తమ ఊళ్లలో వాళ్లు దాన్ని తుంగగడ్డల్లాంటి చిన్న దుంపలతో చేసుకునేవారు. మెక్సికోలో మాత్రం, వాళ్లే తెచ్చిన బియ్యం నానబెట్టి, రుబ్బి, వడగట్టి, చక్కెర, దాల్చినచెక్క వేసి చేయడం అలవాటైందట.

"వాళ్లు మాకు మస్తు దుఃఖం ఇచ్చిన్రు. గానీ మా అమ్మమ్మ చేతిల వడ్డంక ఇది మాదయింది" అంది. "బియ్యం, చెక్క మీ దిక్కు నుంచే అంత దూరం పోయినయి. నేను మల్ల తెచ్చిన, గంతే" అని నవ్వింది.

ఆమె వెళ్లాక అమ్మ నన్ను పిలిచింది. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకుని నిలబడ్డాను.

"బర్రె మంచిగ తాగిందా?" అంది. నవ్వబోయింది, దగ్గొచ్చింది. దగ్గు ఆగాక నా చెయ్యి పట్టుకుంది.

"రేపటిది నాకు తే బిడ్డా. ఆకలైతుంది."

ఆ మాటకు నేను ఏడ్చినట్టు నా జన్మలో మళ్లీ ఏడవలేదు. అమ్మకు తిండి పోవడం లేదంటే ఆకలి కూడా లేదనుకున్నాను. అన్ని రోజులూ ఆమె ఆకలితోనే పడుకుందని ఆ సాయంత్రం దాకా నాకు తట్టలేదు.

మర్నాటి నుంచి చెంబు తొణకకుండా రెండు చేతులతో పట్టుకుని వచ్చేదాన్ని. చెంచా చెంచాగా పట్టేదాన్ని, దిగేది. బాపు గుమ్మంలో నిలబడి చూసి, తువ్వాలతో మొహం తుడుచుకుని బర్రెల దగ్గరికి వెళ్లిపోయేవాడు. అలా ఆరు రోజులు గడిచాయి. ఆ తర్వాతి రోజు చెంబుతో గల్లీ మలుపు తిరిగేసరికి మా వాకిట్లో జనం ఉన్నారు. బాపు నా చేతిలోంచి చెంబు తీసుకుని, తులసి నీళ్లకు బదులు దాంతోనే అమ్మ పెదాలు తడిపాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

సిస్టరమ్మ తర్వాత రెండేళ్లకు తన దేశం వెళ్లిపోయింది. ఇప్పుడు మా వాకిట్లో బర్రెలు లేవు. బస్తీలో ఎవరికైనా ముద్ద దిగడం లేదని తెలిస్తే నేను బియ్యం నానబోస్తాను. ఇది ఎక్కడిదని అడిగితే మా ఇంటిదే అంటాను. నన్ను ఒక్క మాట అనకుండా, సిస్టరమ్మ ముందు తల దించుకోనివ్వకుండా అమ్మ కాపాడింది. ఇప్పుడు నా మనవలు తప్పు చేసి తలుపు వెనక నక్కితే నాకు ఆ చూపే గుర్తొస్తుంది, అరవలేను.

ఇదంతా చేస్తూనే ఉన్నా ఆ లెక్క మాత్రం సరిపోదు. అమ్మ ఆరు చెంబులు తాగింది. గోలెంలో పోసిందీ కలిపి ఏడు తాగాల్సింది.