ఏ సంచీతోనూ కలవని రక్తం

మా బ్లడ్ బ్యాంకులో ఆవిడకు మేం పెట్టిన పేరు నిలకడమ్మ. ఎందుకంటే క్షణం నిలవదు. రోజంతా కాలుకాలిన పిల్లిలా బల్లకీ ఫ్రిజ్‌కీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. పని మాత్రం నికార్సు. ఆవిడ పరీక్షించి సరే అననిదే ఒక్క రక్తపు సంచీ గడప దాటదు.

ఒకరోజు ఉదయం ఆవిడ తమ్ముడు, బస్సు మెకానిక్, కడుపులో పుండు పగిలి మా ఆసుపత్రిలోనే చేరాడు. వెంటనే ఆపరేషన్ చేయాలి, రక్తం ఎక్కించాలి. పరీక్షిస్తే 'ఓ' గ్రూపు అని వచ్చింది. ఫ్రిజ్ నిండా ఓ రక్తమే ఉంది, హమ్మయ్య అనుకున్నాం.

నిలకడమ్మ అతని రక్తపు తేటలో, అంటే సీరంలో, ఒక సంచీలోని చుక్క కలిపింది. పాలు విరిగినట్టు గడ్డలు కట్టింది. రెండో సంచీ, మూడో సంచీ, అన్నీ అంతే. "ఏం పాడుచేసి చచ్చారు?" అని మామీద విరుచుకుపడింది. మేం ఏదీ పాడుచేయలేదు.

ఎర్రకణాల మీద ఉండే గుర్తుల్ని యాంటిజెన్‌లంటారు. ఏ, బి గుర్తులు రెండూ లేకపోతే ఓ గ్రూపు. కానీ ఓ వాళ్లకూ అడుగున హెచ్ అనే గుర్తుంటుంది. అదీ లేనివాళ్లు బహు అరుదు. మామూలు పరీక్షలో ఓ లాగే కనిపిస్తారు, ఓ రక్తం ఎక్కిస్తే మాత్రం అందులోని హెచ్ పడక ప్రాణం మీదికొస్తుంది. తమ్ముడికి ఆ హెచ్ లేదు.

"తోడబుట్టినవాళ్లలో దొరకొచ్చు కదక్కా," అన్నాను.

"నాకు తెలీదా? నాది ఓ. కాలేజీలోనే చూశారు."

"ఇందాక ఆయనదీ ఓ అనే అనుకున్నాంగా?"

ఆవిడ ఎన్ని వేలమంది రక్తం చూసిందో, తన రక్తాన్ని మళ్లీ ఒక్కసారి చూసుకోలేదు. వేలు పొడుచుకుంది. పరీక్ష నేనే చేశాను. ఆవిడకూ హెచ్ లేదు. తమ్ముడి తేటలో ఆవిడ రక్తం కలిపితే గడ్డ కట్టలేదు. ఆవిడ నవ్వబోయి ఏడ్చేసింది.

ఆవిడ నుంచి తీయగలిగింది ఒక్క సంచీ. ఆపరేషన్ అయ్యేవరకు నాకూ కాళ్లు నిలవలేదు. దానితోనే డాక్టరు గట్టెక్కించాడు.

మర్నాడు తమ్ముడు కళ్లు తెరిచి, "నీ రుణం ఎలా తీర్చుకోనే అక్కా?" అన్నాడు.

"మందులు వేళకు మింగి బతికుండు చాలు. రేపు నాకు అవసరమైతే ఇచ్చేవాడివి నువ్వొక్కడివేరా."

అతను నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి ఆగిపోయాడు.