వద్దంటే కొట్టేసేవాడు

మా చిన్న తమ్ముడు పోయినాడని కుప్పం నుంచి ఫోన్ వచ్చేసరికి నేను మదనపల్లెలో, ఇంట్లో, పొద్దుటి పారాయణం మధ్యలో ఉన్నాను. "అక్కా, సార్ ఇంక లేరు. గుండెపోటు," అన్నాడు వాడితో పనిచేసే లెక్చరర్. ఫోన్ పక్కన పెట్టి మిగిలిన శ్లోకాలు పూర్తి చేసినాను. ఆపి ఉంటే మళ్ళీ మొదలుపెట్టగలిగేదాన్ని కాదు.

వాడు కుప్పంలో చరిత్ర చెప్పేవాడు. సెలవు దొరికితే పుంగనూరు, సదుం, తంబళ్లపల్లె పక్కల పల్లెలు పట్టుకుని తిరిగేవాడు. మా మెట్ట ప్రాంతం మీద ఈ మధ్య పుస్తకాలు చాలానే వస్తున్నాయి. రాజకీయాలు, పాళెగాళ్ళ కాలం, వెనకబాటు. అన్నీ తెప్పించుకుని చదివేవాడు. చదివి, కళ్ళద్దాలు పైపంచెతో తుడుచుకుంటూ, "ఎవురు రాసినా మనం ఆకాశంకల్లా చూస్తా కూచున్నోళ్ళమేనక్కా. వాన రాలేదు, చెడిపోయినాము, అంతే. వచ్చిన వాన యాడికి పోయిందో ఒక్కరూ అడగరు," అనేవాడు.

అది అడగడానికే తన పుస్తకం మొదలుపెట్టినాడు. రోడ్డు ఏ ఊరి దగ్గర మలుపు తిరిగింది, పాల కేంద్రం ఎవరి వాకిట్లో పెట్టినారు, ఏ చెరువుకు నీళ్ళు రావడం ఎందుకు ఆగిపోయింది. "రోడ్డు మలుపు చూపించు చాలు, ఆ సారి ఎవురు గెలిచినారో చెప్పేస్తా," అని నవ్వేవాడు.

వాడికొక పద్ధతి ఉండేది. ఎవరు ఏం చెప్పినా రాసుకుని, కొన్నాళ్ళకు ఆ ఊరికే తిరిగి పోయి, చెప్పిన వాళ్ళ ముందు చెప్పులు విడిచి కింద కూర్చుని, రాసినదంతా గట్టిగా చదివేవాడు. ఔనంటే ఉంచేవాడు. వద్దంటే కొట్టేసేవాడు, ఎంత మంచి ముక్కైనా సరే. ఒకసారి నేనూ వెంట పోయినాను. ఒక పెద్దాయన, "ఏమప్పా, నేను తాగుతానని యాల రాసినావు?" అని కోప్పడినాడు.

"తాగవా తాతా?"

"తాగుతా. మా కోడలికి చదువొచ్చు గదా!"

అందరూ నవ్వినారు. వాడు కొట్టేసినాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "మాట వాళ్ళదక్కా. నాది చేతిరాతే," అన్నాడు.

సదుం దగ్గరి ఒక ఊరి మీద ఆ పుస్తకంలో ఒక అధ్యాయం ఉంది. ఆ ఊరి చెరువుకు కొండ నుంచి వచ్చే కాలవను ఒక పెద్దమనిషి తన మామిడితోటకు తిప్పుకున్నాడు. చెరువు ఎండింది. బోర్లు ఎండినాయి. సగం ఊరు బెంగళూరికి కూలికి పోయింది. ఆయన మాత్రం ఎన్నికల్లో గెలుస్తూ వచ్చినాడు. తమ్ముడు చదివి వినిపించిన నాడు ఊరంతా ఔనంది. చెప్పిన వాళ్ళకు కీడు రాకూడదని వాళ్ళ పేర్లు మాత్రం వాడే తీసేసినాడు. అచ్చుకు ఇయ్యకముందే పోయినాడు.

పుంగనూరులో సంతాప సభ పెట్టినారు. ఫొటోకు మొదటి దండ వేసింది ఆ పెద్దమనిషే. ఈ నేల కన్న బిడ్డ అన్నాడు. పుస్తకం తానే అచ్చేయిస్తానన్నాడు. వేదిక దిగొచ్చి నా పక్క కుర్చీలో కూర్చుని, మెల్లగా, "ఆ ఒక్క అధ్యాయం ఊరోళ్ళే వద్దంటాండారమ్మా. వద్దంటే తీసేసేది మీ తమ్ముడి పద్ధతే గదా," అన్నాడు.

తమ్ముడి ఫొటోకల్లా చూసి చేతులు జోడించినాను. ఆయన తనకు నమస్కారమనుకుని లేచి పోయినాడు.

ఆ సాయంత్రం మా నడిపి తమ్ముడు ఇంటికొచ్చినాడు. "తీసేయమను పెద్దక్కా. పోయినోడు పోయినాడు. నా కొడుకు ఉద్యోగం ఆయన చేతిలో ఉండాది. మనం ఈడ బతకాల గదా."

వాణ్ణి తప్పు పట్టను. బతకాల్సిందే. "ఊరిని అడిగొస్తా," అన్నాను.

పోయినాను. చెప్పులు విడిచి కింద కూర్చుని అధ్యాయమంతా చదివినాను. దేవుడి ముందర తప్ప నేను గొంతెత్తి చదివింది లేదు. ముగించి, "ఉంచాల్నా, తీసేయాల్నా?" అని అడిగినాను. మా వాణ్ణి కూర్చోబెట్టి సంగటి పెట్టిన వాళ్ళే అందరూ. ఒకాయన నేల చూసినాడు. ఒకాయన, "మేము అట్ల చెప్పలేదేమోనమ్మా," అని లేచినాడు. ఒకామె, బస్సుకు టైమైతాదని నాకే గుర్తు చేసింది. ఒక్కొక్కరే పోయినారు.

గొర్రెలు మేపే ముసలామె ఒక్కతే కర్ర పట్టుకుని కదలకుండా కూర్చుంది. కాలవ తిప్పిన నాడు అడ్డంగా పడుకుని దెబ్బలు తిన్నది ఆమె పెనిమిటి. ఇప్పుడు లేడు. మా వాడి అధ్యాయంలో ఆయన 'ఒక రైతు'.

"ఒక రైతంటే ఎవురమ్మా?" అనింది.

"మీ ఆయనే పెద్దమ్మా. మీకు కీడు రాకూడదని పేరు తీసేసినాడు."

"మంచోడే. పిచ్చోడు. ఆయప్ప పేరు రాయి. సెప్పింది నేనని నా పేరూ రాయి. నన్నేం సేస్తారు? పింఛను ఆపుతారా? ఎప్పుడో ఆపినారు."

రాసుకున్నాను. ఆ పేర్లు పుస్తకంలో ఉంటాయి. అధ్యాయమూ ఉంటుంది. ఆయన అచ్చేయించడం అక్కర్లేదని పెద్దమనిషికి చెప్పి పంపినాను. నడిపోడు మా గడప తొక్కడం మానేసినాడు. పుస్తకం ఎప్పటికి బయటికొస్తుందో దేవుడికి తెలియాలి. ఊరంతా ఔనన్న మాటకు చివరికి ఒక్క ముసలామె మిగిలిందని తమ్ముడికి తెలియకపోవడమే మేలు. పూజలో అదొక్కటే కోరుకుని దండం పెట్టుకుంటాను.

ఆ రోజు ఊర్లో నేను లేచేటప్పుడు ఆ ముసలామె కర్రతో మట్టిలో గీత గీసి చూపించింది. కొండ ఈడ. సెరువు ఆడ. కాలవ ఇట్ల వస్తా ఉండె. గీస్తుండగానే ఆమె గొర్రెలు ఆ గీతను తొక్కుకుంటూ ఎండిన చెరువులోకి దిగినాయి. వాటిని పోనిచ్చి, ఆమె మళ్ళీ గీసింది.