అత్త కోసం నింపిన బ్యాటరీ

మా ఆయన మురళీమోహన్ నోటి వెంట 'లేదు' అన్న మాట ఈ పంతొమ్మిదేళ్ల కాపురంలో నేను వినలేదు. మంచితనం అంటారు ఊళ్లో. వాళ్లదేం పోయింది, అంటారు. మా చేనుకి పురుగు పట్టి ఉన్న రోజున మందు కొట్టే మిషను పక్క చేను వాడికిచ్చేసి, తను గట్టు మీద కూర్చున్న మనిషి ఈయన. ఇదేం పనయ్యా అంటే, "ఆడిదీ సేనే గదే" అన్నాడు.

నాలుగేళ్ల కిందట మా అత్త జగ్గమ్మకి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. అప్పట్నుంచి ముక్కుకి గొట్టం, మంచం పక్కన ఆక్సిజన్ మిషను. దానికి కరెంటు ఉండి తీరాలి. గొట్టం ఎంత దూరం సాగితే అంతే ఆవిడ తిరుగుడు. అంతకుముందు, కాపురానికొచ్చిన ఏడాది నుంచీ, హోలీ పున్నమికి శ్రీకూర్మం గుళ్లో జరిగే డోలోత్సవానికి ఒక్క ఏడూ మానలేదట. ఈ నాలుగేళ్లూ ఆ రోజొచ్చిందంటే అన్నం ముట్టదు. గోడవైపు తిరిగి పడుకుంటుంది.

అది చూడలేకే మా ఆయన పాత అంబులెన్సు వ్యాను ఒకటి కొన్నాడు. లోపల పరుపు వేశాడు, చిన్న ఫ్యాను బిగించాడు, సీటు కింద రెండో బ్యాటరీ, దానికో ఇన్వర్టరు పెట్టాడు. ఇంజనుకున్నది ఇంజనుకే. ఈ రెండోది అత్త మిషనుకి. నిండా చార్జింగ్ ఉంటే అయిదారు గంటలు ఆడుతుంది. రెండు గంటలు పోను, రెండు గంటలు రాను, మిగిలింది స్వామి ముందు. దారిలో ఇంజను నుంచి ఎక్కేది మిషను లాగేదానికి ఏ మూలకీ రాదు.

మూడు రోజుల ముందే చార్జింగ్ పెట్టాడు. మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోశాడు, కొసలు తుడిచి వేజిలీను రాశాడు. మా పిల్లకి జ్వరమొచ్చినప్పుడు కూడా ఇంత సేవ చేయలేదు. రెండో రోజు సాయంత్రం, "నిండిపోనాదే సుహాసినీ, సూడు" అని నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మీటరు మీద పచ్చ లైటు చూపించాడు. అత్త పెట్టెలోంచి పసుపు అంచు చీర తీయించుకుంది.

ప్రయాణానికి ముందు రోజు పొద్దున్న ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. అత్తని సిలిండరు మీదకి మార్చాం. ఇంట్లో ఉన్నది అదొక్కటే.

మొదట పాలకేంద్రం దేవేంద్ర వచ్చాడు. "బావా, పాలల్లో ఎన్న సూసే మిషను ఆడ్డం నేదు, సూడకండా పాలు పట్టుకోనేం. పాలన్నీ ఇరిగిపోతాయి. నీ బండికి ఒక్క అరగంట తగిలించుకుంతాను" అన్నాడు. ఊరందరి పాలు, కాదంటే ఎలా? ఆ వెనకే ఎదురింటి ఝాన్సీ వాళ్లమ్మ వచ్చింది. ఝాన్సీ పచ్చి బాలింత, బిడ్డ ఒళ్లంతా చెమటకాయలు. ఆ ఇంటి ఫ్యానుకి ఒక వైరు వెళ్లింది. తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. మా ఆయన పెదనాన్న కూతురు కూర్మమ్మ వదిన తన ఫోను పట్టుకొచ్చింది, ఆవిణ్ణి చూసి వీధి వీధంతా వచ్చింది. మా ఆయన ఒకరి ఫోను సగంలో తీసి ఇంకొకరిది పెడుతూ, అందరికీ అందేలా చూస్తున్నాడు.

"ఏటయ్యా ఇది? రేపు అత్తకేటి ఉంటాది?" అన్నాను.

"ఫోన్లేటి లాగుతాయే. లైటు పచ్చగానే ఉన్నాది గదా" అన్నాడు.

నిజమే, పచ్చగానే ఉంది. అయినా నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టిన నేనేం చేశానో కూడా చెప్పాలి. దారిలోకి ఇడ్లీలు పట్టుకెళ్లాలి, పిండి రుబ్బుకోవాలి. సాయంత్రం గ్రైండరు వైరు తెచ్చి నేనూ ఆ బ్యాటరీకే తగిలించాను. మన ప్రయాణానికే కదా అనుకున్నాను. ఎవరి అరగంట వాళ్లకి చిన్నదే.

మర్నాడు తెల్లారే వేళకి సిలిండరు అయిపోవచ్చింది. కూర్మమ్మ వదిన అప్పటికే తొలి ఆటోకి శ్రీకూర్మం వెళ్లిపోయింది. ఆవిడ వెళ్లాక కరెంటు వచ్చింది. ఆరింటికి అత్తని ఎత్తుకుని వ్యానులో పడుకోబెట్టాం. పసుపు అంచు చీర, తల్లో కనకాంబరాలు. మిషను రెండో బ్యాటరీకి తగిలించగానే గుయ్యిమంది. "పోనియ్యిరా" అంది అత్త.

ఊరు దాటామో లేదో మిషను కీ కీమని అరిచింది. పచ్చ లైటు ఎర్రబడింది. అత్త నా మణికట్టు పట్టుకుంది. బండి వెనక్కి తిప్పి, ఇంట్లోకి మోసుకొచ్చి, మిషను గోడ ప్లగ్గులో పెట్టేసరికి ఆవిడ పెదాలు నల్లబడ్డాయి. కాసేపటికి గానీ ఊపిరి నెమ్మదించలేదు.

మా ఆయన రాజాంలో బ్యాటరీల షాపు తిరుమలరావుకి ఫోను చేశాడు. "మళ్లీ నిండాలంటే పది గంటలు పడతాది బావా. తొందరపడి తీసినావంటే పైకి నిండినట్టుంటాది, లోన ఉండదు. ఇంకోటి ఇద్దునంటే షాపు మూసీసినాను. నానూ శ్రీకూర్మం దారిలోనే ఉన్నాను" అన్నాడు అతను.

మధ్యాహ్నానికల్లా స్వామి ఊరేగింపు అయిపోతుంది. మా ఆయన వ్యాను మెట్టు మీద కూర్చుని చార్జరు వైపు చూస్తూ ఉండిపోయాడు. చేయడానికేమీ లేదు. నాకు కోపమొచ్చింది, జాలేసింది, గ్రైండరు గుర్తొచ్చింది. వీధిలో ఆటోలు శ్రీకూర్మం వెళ్తున్నాయి. "ఏటి మావా, ఇంకా ఎల్లనేదేటి?" అని ఎవరో అడిగారు.

"ఎల్తాం, మీరు పదండి" అన్నాడు. అప్పుడు కూడా 'లేదు' అనలేకపోయాడు.

పదకొండింటికి కూర్మమ్మ వదిన వీడియో కాల్ చేసింది. మేం రాలేదని ఎవరో చెప్పారట. "పిన్నీ, ఇటు సూడు. స్వామొస్తన్నాడు" అంది. మా ఆయన పరుగున వెళ్లి ఫోను అత్త కళ్ల ముందు పట్టుకున్నాడు. జనం తలలు, గులాలు, సన్నాయి. నేను వీపు కింద చెయ్యి వేసి అత్తని లేపి కూర్చోబెట్టాను. పల్లకీ కొస కనబడింది. అత్త రెండు చేతులూ ఎత్తింది. అంతలో తెర నల్లబడిపోయింది.

మా ఆయన మళ్లీ చేశాడు, మళ్లీ మళ్లీ చేశాడు. స్విచ్చాఫ్.

"ఏటైందిరా?" అంది అత్త. ఎత్తిన చేతులు ఇంకా దించలేదు.

"కూర్మమ్మక్క ఫోనులో చార్జింగ్ అయిపోనాదమ్మా. నిన్న సగంలో నానే తీసీసినాను, ఇంకొకల్లకి పెడదామని."

అత్త చేతులు దించి ఒళ్లో పెట్టుకుంది. ఊపిరి కూడదీసుకోవడానికి కాసేపు పట్టింది.

"దాని ఫోను ఇంకొంచెం సేపు ఉండనియ్యవలసిందిరా" అంది.