కేశవ మింగిన మందు

ధర్మవరంలో పట్టు నేసేవాళ్లు చాలామంది ఉన్నా, చీర మీద బుటా పువ్వులు నేయడం కష్టంగా ఉంటే కేశవకే ఇచ్చేవాళ్లు. అతనికి పెండ్లి కాలేదు. తల్లీతండ్రీ పోయినాక, మొగుణ్ణి పోగొట్టుకున్న అక్క ఓబులమ్మ ఆ ఇంటికే వచ్చి దారం కండెలు చుట్టిచ్చేది.

1998 ఎండాకాలంలో, ముప్పై ఒకటో ఏట, అతనికి మగ్గం చప్పుడులో ఎవరో తిడతాన్నట్లు వినపడసాగింది.

"గురప్ప నా మగ్గం మీది పడుగు దారాలకు విషం పూసినాడక్కా" అన్నాడొకరోజు.

గురప్ప పక్కింటాయన. ఈ మాట విని బిత్తరపోయినాడు. వారం తిరక్కుండా కేశవ సగం నేసిన చీరను కత్తెరతో అడ్డంగా కోసేసినాడు.

ఓబులమ్మ అతన్ని అనంతపురం పిల్చుకుపోయింది. అక్కడి డాక్టరు హాలోపెరిడాల్ మాత్రలు రాసినాడు. రెండు నెలలకు ఆ తిట్టే గొంతులు ఆగినాయి. కానీ చేతులు వణికేవి, వేళ్లు కట్టెల మాదిరి బిగుసుకునేవి. అడ్డదారం మోసే నాడె విసిరితే పోగులు తెగేవి. మొహంలో నవ్వూ లేదు, ఏడుపూ లేదు.

మూడేండ్లు ఓర్చుకున్నాడు. 2001లో అక్కకు చెప్పకుండా మాత్రలు ఆపేసినాడు. చేతులు తిరిగొచ్చినాయి. నలభై రోజులు సంబరంగా నేసినాడు. ఆపైన గొంతులూ వచ్చినాయి. అన్నంలో విషం కలుపుతాండాదని మగ్గం కొయ్యతో అక్కను కొట్టినాడు. ఆమె కుడి మణికట్టు విరిగి, వంకరగానే అతుక్కుంది. ఆ చేత్తోనే మళ్లీ మాత్రలు మింగించింది.

2004లో ఆసుపత్రికి రేఖ అనే కొత్త డాక్టరు వచ్చింది. కేశవ చేతుల్ని వంచి చూసి, మందు మారుస్తానంది.

"ఈ బిగుసుకోవడం పాత మందు వల్లేనమ్మా. ఇంకొక సంగతి ఉంది. మెదడులో నరాల కణాలను కాపాడే ప్రోటీన్లు ఉంటాయి. ఈ పాత మందు ఇచ్చిన ఎలుకల్లో అట్లాంటి ప్రోటీను ఒకటి తగ్గినట్లు కొందరు చూసినారు. కొత్త మందుల్లో కొన్నిటితో అంత తగ్గలేదంట. మనుషుల్లో ఇంకా తేలలేదు."

ఓబులమ్మ చేతిలోని మాత్రల పొట్లం బల్ల మీద పెట్టేసింది. "ఇన్నేండ్లు నా చేతులారా వాని మెదడు చెడగొట్టినానా మేడం?"

"అట్ల అనుకోవద్దు. రోగమే ఆ ప్రోటీన్ను తగ్గిస్తుందని కూడా అంటున్నారు. మందు ఆపితే ఏమయిందో నీకే తెలుసు కదా."

మెల్లమెల్లగా పాతది తగ్గించి, ఓలాంజపిన్ అనే కొత్త మందు మొదలుపెట్టినారు. ఆరు నెలలకు వేళ్లు సడలినాయి. ఒళ్లు మాత్రం లావెక్కింది. పెదవులూ నాలుకా ఎప్పుడూ ఏదో నమిలినట్లు ఆడతానే ఉండేవి. అది పాత మందు మిగిల్చిందేనని, ఇక పోకపోవచ్చని డాక్టరు దాచకుండా చెప్పింది.

మొహంలోకి మళ్లీ ప్రాణం వచ్చినాక ఒక పొద్దున కేశవ అన్నం ముందు కూర్చోని అడిగినాడు.

"నీ చెయ్యి విరిచింది నేనేనా అక్కా?"

"కాదప్పా. జారి పడినా."

అతను ఆమె వంకర మణికట్టును పట్టుకున్నాడు. ఏడేండ్ల తర్వాత ఏడ్చినాడు. ఆ వారమంతా ముద్ద సరిగా దిగలేదు. మాత్రలు ఆపేస్తాడేమోనని ఓబులమ్మ భయపడింది. ఆపలేదు.

మళ్లీ మగ్గమెక్కినాడు గానీ, అప్పుడు కోసేసిన చీర గుర్తుండి, బుటా పని ఎవరూ ఇవ్వలేదు. అంచులేని సాదా గుడ్డ నేస్తాడు. నోరు ఆడేది ఎవరూ చూడకుండా తలుపు మూసుకుంటాడు. మాత్రలు అయిపోయే రెండు రోజుల ముందే, ఎవరూ చెప్పకుండా, తానే అనంతపురం బస్సెక్కుతాడు.