జైలుకి ఒక వీధి

ఆ సంగతి జరిగింది ఒక బుధవారం, పొద్దున ఏడూ ఇరవైకి. ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నానంటే, అంతకు గంట ముందు జైలు గేటు దగ్గర పుస్తకంలో నా పేరూ, వచ్చిన గంటా మొదటిసారి నా చేత్తో నేనే రాశాను. అంతవరకు వేలిముద్రే. ఈ రోజు మా గుడియాత్తం వీధిలో ఎవరో పడుగుకు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలకు, గంజి పెడుతున్నారు. ఆ పులిసిన వాసన కిటికీలోంచి వచ్చి తగిలేసరికి తిలకవతి గుర్తొచ్చింది. ఆమె గురించి రాయాలని ఎన్నాళ్ళుగానో ఉంది. రాయడానికి కూర్చుంటే ఆమె నాకు మేలు చేసిందో, నా మీద ఏదో మోపి పోయిందో ఇప్పటికీ తేలదు. తేలకపోయినా రాస్తున్నాను. అరవై ఒకటో ఏట అక్షరాలు నేర్చుకున్నవాడికి ఆలోచన తేలేదాకా ఆగేంత టైము ఉండదు.

తిలకవతి ప్రభుత్వ కట్టడాల ఇంజనీరు. తమిళావిడ, కానీ వాళ్ళమ్మది తిరువలం దగ్గర తెలుగిల్లు కాబట్టి మా మాటే మాట్లాడేది. జైల్లో కొత్తగా మగ్గాల షెడ్డు కట్టాలని, ఖైదీలకు నేత నేర్పాలని ఉత్తర్వు వచ్చిందట. షెడ్డు ఎలా ఉండాలో అడగడానికి ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. చెప్పులు బయట విడిచి, నా గుంట మగ్గం పక్కనే నేల మీద కూర్చుని నోటుబుక్కు తీసింది.

“అప్పా, వెలుతురు యా పక్కనించి రావాల? మీరు చెప్పినట్టే గీస్తాను.”

“కిటికీ లేకండా కట్టమ్మా. మా తమ్ముణ్ని చంపినోడు ఆడనే ఉండాడు.”

అది ఆమెకు తెలియదు. నోటుబుక్కు మూసేసింది. మా తమ్ముడు సుబ్రమణి అప్పటికి ఆరేళ్ళ ముందు చనిపోయాడు. పక్క వీధిలో అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసేవాడొకడు, కాలువలో మురుగునీళ్ళ దగ్గర మొదలైన తగువులో ఇనుపకడ్డీతో కొట్టాడు. ఒక్క దెబ్బే. వాడికి యావజ్జీవం పడింది. ఇదంతా ఆమెతో విసురుగానే చెప్పాను. ఆమె చెంబులో నీళ్ళు తాగి, నా మగ్గం వైపు చూసింది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను.

“కిటికీ లేకుంటే దారం తెగింది కనపడదు కదప్పా,” అంది.

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ మాట నిజం. చీకట్లో నేసిన బట్ట బట్ట కాదు. నేతగాడిగా ఆ మాటకు అడ్డం చెప్పలేకపోయాను. కోపంతోనే మొదలుపెట్టి మొత్తం చెప్పాను. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నవాడి కంటికి సరిగ్గా కిటికీ ఉండాలని, నేల తడి పట్టకూడదని, ఇనుప మగ్గాలు వద్దు, గుంట మగ్గాలే వేయించమని. ఆమె రాసుకుంటూనే ఉంది. జైల్లో ఈ మాట చెప్తే అక్కడి ఆఫీసరు ఒకాయన పడీపడీ నవ్వాడట. “ఇన్నాళ్ళూ వీళ్ళు గుంత తవ్వకుండా కాపలా కాసినాము. ఇప్పుడు మేమే తవ్వియ్యాలా మేడమ్?” అన్నాడట. అయినా షెడ్డు కట్టినప్పుడు పన్నెండు గుంతలు తవ్వించింది.

రెండో మారు వచ్చినప్పుడు గీసిన పటం తెచ్చింది. నాకు పటం చదవడం రాదు. వేలితో చూపించింది: ఇక్కడ గదులు, ఒక్కో గదికి రెండు మగ్గాలు, మధ్యలో నడవ. అంతా చూసి, “పడుగు యాడ పరస్తారు?” అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. మర్నాడు తెల్లారకముందే రమ్మన్నాను. వచ్చింది. ఆ పొద్దున మా ఎదురింటి మునెమ్మ వాళ్ళ పడుగు వీధిలో ఈ కొన నుంచి ఆ కొనకు సాగదీసి ఉంది. గంజి పూసి కుంచెలు పడుతున్నారు. గంజి పెట్టినాక ఎండ ముదిరేలోపల దారాలన్నీ విడిపోవాలి, లేకపోతే అతుక్కుపోతాయి. అందుకని ఎవరి పడుగని అడగకుండా అన్ని ఇళ్ళవాళ్ళూ బయటికి వస్తారు. “రండప్పా, పట్టండప్పా” అని ఒక్క కేక వేస్తే చాలు. ఒకరితో ఒకరికి మాటలు లేనివాళ్ళు కూడా వచ్చి ఎదురెదురు నిలబడి కుంచె పడతారు. పట్టినవాణ్ని పడుగు ఆరేదాకా పొమ్మనకూడదు. అది మా వీధి కట్టు. ఆరినాక మళ్ళీ మొహం తిప్పుకుంటారు, అది వేరే సంగతి.

తిలకవతి ఆ కొన నుంచి ఈ కొనకు అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. “అయితే జైలుకి గదులు కాదప్పా, వీధి కావాల,” అంది. నడవ గోడలు పటంలో కొట్టేసింది. రెండు వరసల షెడ్లు, మధ్యలో ఆకాశం కనపడే నలభై గజాల వీధి. గేటు నుంచి ఒక మనిషి నలభై గజాలు తిన్నగా నడవగలడు. అన్ని గజాలు నేరుగా నడిచి తొమ్మిదేళ్ళయిందని అక్కడి ఖైదీ ఒకడు తర్వాత నాతో అన్నాడు.

“ఇంత సౌకర్యం వాళ్ళకెందుకమ్మా?” అని ఒకసారి నిలదీశాను.

“శిక్ష కోర్టు ఏసేసింది కదప్పా. మళ్ళా గోడలు కూడా శిక్ష ఎందుకు ఎయ్యాల? వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు బయటికొచ్చి మన వీధుల్లోనే కదా ఉండేది.”

“మా తమ్ముడు యా వీధికి వస్తాడు?”

ఆమె పటం చుట్టి చంకలో పెట్టుకుంది. దానికి ఏదో ఒక జవాబు చెప్పి ఉంటే నేను ఆమెను నమ్మేవాణ్ని కాదు.

నేర్పడానికి నేనే పోయాను. ఎందుకు ఒప్పుకున్నానో సరిగ్గా చెప్పలేను. తమ్ముణ్ని చంపినవాడు షెడ్డులోకి రాకూడదని మాత్రం ఖండితంగా చెప్పాను. వాణ్ని వంటశాలలో పెట్టారు. వారానికి మూడు రోజులు జైలున్న తొరపాడిలో బస్సు దిగి లోపలికి పోయేవాణ్ని. గేటు పుస్తకంలో వేలిముద్ర వేస్తుంటే తిలకవతి చూసి, “ఇంత పనితనముండే చేతికి మసి ఎందుకప్పా?” అని పలకా బలపం కొనిచ్చింది. చిత్తూరు పక్క నుంచి వచ్చిన రెడ్డెప్ప అనే ఖైదీ, లోపల చదువు చెప్పేవాడు, నాకు తెలుగు అక్షరాలు దిద్దించాడు. పుట్టినప్పటి నుంచీ మాట్లాడే భాష ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. నేను వాళ్ళకు నేత నేర్పేవాణ్ని, మధ్యాహ్నం వాళ్ళు నా రాత చూసి నవ్వేవాళ్ళు. “అప్పా, నీ ‘ర’ గర్భంతో ఉండాది” అనేవాడు రెడ్డెప్ప.

ఆ బుధవారం మొదటిసారి వీధిలో పూర్తి పడుగు పరిచాము. లుంగీలకు. ఇవతలి కొన తాడు గుంజకు ఒక చుట్టు వేసి నేను చేత్తో పట్టుకున్నాను, బిగువు చూసుకోవడానికి. అవతలి కొనను గుంజకు కట్టింది నేనే. తడి తాడుతో కట్టాను, అది నా తప్పు. గంజి పూసి కుంచెలు మొదలుపెట్టగానే అవతలి తాడు జారింది. పడుగు కుంగి నేలకు రాబోయింది. అందరి చేతుల్లో కుంచెలు. వార్డరు జోసెఫ్ తాళాలు పట్టుకుని ఉన్నాడు. మా వీధిలో ఉన్నాననుకున్నాను కాబోలు, అలవాటుగా నోట్లోంచి కేక వచ్చేసింది. “రండప్పా, పట్టండప్పా.”

వంటశాల నుంచి పడుగుకు ఇంకో గుండిగ గంజి తెచ్చి గోడ పక్కన నిలబడి ఉన్నవాడు గుండిగ దించి, పరిగెత్తి కొన పట్టుకున్నాడు. వాడు తలెత్తినాక చూశాను. వాడే.

పట్టినవాణ్ని పొమ్మనకూడదు. నేను తాడు వదిలేసి ఉండవచ్చు. వదిలితే నెల రోజుల పని, పన్నెండు మంది కష్టం మట్టిలో కలుస్తుంది. వదల్లేదు. అరగంట వాడొక కొన, నేనొక కొన. మగ్గం తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, పడుగు బిగించి ఉన్నప్పుడు అవతలివాడు ఊపిరి పీల్చినా ఇవతలి చేతికి తెలుస్తుంది. నేను కాస్త లాగితే వాడు కాస్త ఇచ్చాడు. ఎవరూ నేర్పకుండానే. ఆరినాక వాడు కొన రెడ్డెప్ప చేతికిచ్చి, ఖాళీ గుండిగ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ పొద్దున తిలకవతి వంటశాల వైపు నుంచి రావడం నేను చూశాను. బయటికొచ్చినాక అడిగాను. “వాణ్ని నువ్వే పంపినావా అమ్మా?”

“పంపలేదప్పా.” కొంచెం దూరం నడిచినాక, “రాకుండా ఆపనూ లేదు,” అంది.

ఇంటికొచ్చి మా మరదలు, సుబ్రమణి భార్య అలమేలుకు చెప్పేశాను. దాచడం నాకు చేతకాదు. తమ్ముడు పోయినప్పటి నుంచి ఆమె మా ఇంట్లోనే ఉంది. దారం కండెలు చుడుతూ విన్నది, రాట్నం ఆపలేదు.

“పడుగు బాగా వచ్చిందా బావా?”

“బాగా వచ్చింది.”

“చెడిపోయుంటే బాగుండు,” అంది. మూడో రోజు అన్నం పెడుతూ, వాడు ఒళ్ళు చిక్కినాడా అని అడిగింది. చిక్కినాడన్నాను. ఎందుకడిగిందో నేను అడగలేదు.

తిలకవతి తర్వాత తిరుపత్తూరుకు బదిలీ అయింది. అక్కడే జబ్బు చేసి పోయింది. చివరిసారి చూసినప్పుడు, ఆ షెడ్డు మంచిదేనా అప్పా అని నన్నే అడిగింది. వెలుతురు బాగుందని చెప్పాను. వాణ్ని నేను క్షమించలేదు. వాడు విడుదలై మా వీధిలోకి వస్తే ఎదురుపడతానో, తలుపు వేసుకుంటానో తెలియదు. కానీ ఏ పడుగు పట్టుకున్నా ఇప్పుడు నా చేయి అవతలి మనిషి కోసం వెతుకుతుంది. అది ఆమె ఇచ్చిందే. కావాలని నేను అడగలేదు, తీసి పారేయడమూ నా వల్ల కాలేదు.

ఆ బుధవారం అక్కడున్నవాళ్ళ పేర్లు రాస్తున్నాను, ఇప్పుడు రాయడం వచ్చు కాబట్టి. గోడ నీడలో తిలకవతి. తాళాలతో జోసెఫ్. కుంచెలు పట్టుకుని రెడ్డెప్ప, ఏలుమలై, కాసిం, చిన్నతంబి, శేఖర్, గోవిందస్వామి, ఇంకో శేఖర్, పళని, మస్తాను, రాజమాణిక్యం, అరుళ్, వీరయ్య. ఇవతలి కొన దగ్గర నేను, మునిరత్నం. అవతలి కొన దగ్గర దండపాణి.