డైరీలో నలభై మూడు టిక్కులు

ఆ రోజుల్లో నా లెక్కన, రాసి ఉంటే జరిగినట్టే. మొన్న పాత డైరీలు అటక మీంచి దించి దుమ్ము దులుపుతుంటే, ఒక దాంట్లో వరుసగా నలభై మూడు టిక్కులు కనిపించాయి. (అన్నీ ఒకే కొలత. నా చేతి కుదురు మీద నాకు ఇప్పటికీ గౌరవమే.)

బొబ్బిలి వైపు ఒక కంటి ఆసుపత్రిలో, కంప్యూటరు గదికి అధికారినీ సిబ్బందినీ నేనొక్కణ్ణే. రోగుల కళ్ల కొలతలన్నీ ఒక సర్వర్‌లో ఉండేవి. రోజూ ఉదయం ఆరింటికి ఆ ఫైళ్లు వాటంతటవే పక్క భవనంలోని కంప్యూటరుకు కాపీ అయ్యేలా ఏర్పాటు చేశాను. ఎనిమిదింటికి నేను వచ్చేసరికి తెర మీద పని పూర్తయిందని పచ్చగుర్తు ఉండేది. వెంటనే డైరీలో టిక్కు. పక్క భవనం దాకా నడిచి చూడాలని ఒక్క రోజూ తోచలేదు.

ఒక శుక్రవారం పెద్ద డాక్టరమ్మగారు వచ్చి, సర్వర్ చప్పుడు చేస్తోంది, మర్నాడు మెకానిక్కు పాత డిస్కు తీసేసి కొత్తది వేస్తాడు, కాపీ భద్రమేనా అని అడిగారు. నేను డైరీ తెరిచి చూపించాను. ఆవిడ మెచ్చుకుని వెళ్లిపోయారు. స్టూలెక్కి ఫ్యాను తుడుస్తున్న అటెండరు (ఆసుపత్రి అంతటికీ ఆయన మావే) పైనుంచే అన్నాడు:

"డైరీలో ఉన్నాది సరే అల్లుడా. ఆ పెట్టెలో ఉన్నాదేటి?"

ఆయన మాట కాదనలేక పక్క భవనానికి వెళ్లాను. అక్కడి కంప్యూటరులో కాపీలుండాల్సిన ఫోల్డరు ఖాళీ. నౌపడ ఉప్పుమడుల కూలీలు, పొందూరు నూలు వడికే ముసలమ్మలు, ఆపరేషనుకు పేరు రాయించుకున్న వాళ్లందరి కొలతలూ మర్నాడు ఆ డిస్కుతో పాటు పోయేవే. పరుగున వచ్చి అదే పనిని నా చేత్తో నడిపితే ఫైళ్లు బుద్ధిగా వెళ్లి కూర్చున్నాయి. గండం గడిచింది. కానీ దానంతటది నడిచేలా పెడితే మళ్లీ ఒక్క ఫైలూ వెళ్లలేదు, పచ్చగుర్తు మాత్రం వచ్చింది. సాయంత్రం దాకా ఆదేశాలు మార్చి మార్చి చూశాను, సర్వర్ ఆపి మళ్లీ వేశాను, చివరికి నా గోడు మావకే చెప్పుకున్నాను.

"నువ్వెల్తే నీ మొకం సూసి గేటు తీస్తారు. నువ్వు పంపినోడెవుడో ఆలకి తెలుసేటి? ఆడు గేటు కాడి దాకా ఎల్లి, ఎల్లొచ్చినానని సెప్పేసినాడు."

సరిగ్గా అంతే. దానంతటది నడిచేటప్పుడు ఆ పని నా పేరుతో కాక సర్వర్ సొంత పేరుతో వెళ్తోంది. ఆ పేరుకు అవతల కంప్యూటరులో అనుమతి లేదు. పైగా నేను వెళ్లిరమ్మన్నానే గాని, ఫైళ్లు చేరాయో లేదో చూడమనలేదు. రెండూ సరిచేశాక అసలు చిక్కు మిగిలింది. ఫైళ్లు భద్రం, డైరీ శుభ్రం, నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. అయినా ఆవిడ నమ్మింది నా టిక్కులను. వెళ్లి నలభై మూడూ అబద్ధమని చెప్పేశాను. ఆవిడ, "ఇకమీదట టిక్కు అక్కడ నిలబడి పెట్టండి" అన్నారు.

ఇప్పుడు మొక్కలకు నీళ్లు పోశానని రాసేముందు డైరీ చంకన పెట్టుకుని కుండీ దగ్గరికి వెళ్తాను, మట్టిలో వేలు పెట్టి చూస్తాను. మొక్కల్ని కూడా నమ్మరేటండీ అంటుంది మా ఆవిడ. ఆ పాత టిక్కులను మాత్రం కొట్టేయలేదు. పాపం, అవి పెట్టిన కుర్రాడు అబద్ధాలకోరు కాదు. వాడూ గేటు దాకా వెళ్లొచ్చినవాడే.