రెండో కాపరి

జమ్మలమడుగు పాత బస్టాండు వెనక కుళ్లాయప్పకు ఒక చిన్న అంగడి ఉంది. సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఆ పని వచ్చినవాళ్లు ఆ సందులోనే ఇంకా అయిదుగురున్నారు. కుళ్లాయప్పకు వచ్చిన పని వాళ్లకు రాదు. కంపెనీ వాడు ఫోన్‌లో నింపి పంపిన సరుకంతా తుడిచేసి, ముక్కూముఖం తెలియని జనం ఎక్కడెక్కడో కూర్చొని ఊరికే రాసి పంచే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తాడు. మూలన పడేసిన ఫోన్ లేచి కూర్చుంటుంది. చదువు రాని గొర్లకాపరికి బొమ్మ నొక్కితే పలికేటట్టు, మిట్టమధ్యాహ్నం చేలో తెర కనబడేటట్టు మారుస్తాడు. మనిషి ఎక్కడ తిరుగుతున్నాడో కంపెనీకి మోసే తీగ మాత్రం ముందే తెంపేస్తాడు.

ఈ విద్య ఇంటర్నెట్‌లో కొన్ని గుంపుల్లో నేర్చుకున్నాడు. ఆ గుంపులకు యజమాని లేడు. ఎవరి సర్వర్ వాళ్లే నడుపుకుంటారు, ఒక సర్వర్ ఇంకో సర్వర్‌తో మాట్లాడుతుంది, ఒకటి పడిపోయినా తక్కినవి నడుస్తూనే ఉంటాయి. 'జీవాలోడు', అంటే గొర్లు కాసేవాడు, అనే పేరుతో అందులో చేరి, వచ్చీరాని ఇంగ్లీషులో అడిగి అడిగి పట్టాడు.

అందరి గుట్టూ ఒక్కడి చేతిలో పెట్టుకునే యజమాని లేకపోవడమే అతనికి నచ్చింది. అందుకు కారణం వాళ్ల నాయన చిన్నసుబ్బయ్య ఎడమచెయ్యి. ఫ్యాక్షన్ ముదిరిన రోజుల్లో ఆయన జ్వరంతో పులివెందుల ఆస్పత్రికి నడిచిపోతూ, దారిన పోయే జీపుకు చెయ్యెత్తి ఎక్కాడు. అది ఒక నాయకుడి జీపు. అది ఏ వేళకు వంక దాటుతుందో బయట ఒకే ఒక్కడికి తెలుసు. ఆ ఒక్కడే అవతలి వర్గం వాళ్లకు చెప్పాడు. వంకలో జీపు మీద బాంబులు పడ్డాయి. నాయకుడు దిగి పరుగెత్తి బతికాడు, తరవాత మూడుసార్లు గెలిచాడు. చిన్నసుబ్బయ్యకు మోచేతి కింద ఏమీ మిగల్లేదు.

ఫ్యాక్షన్ పోయిందని ఇప్పుడు ప్రతి సభలోనూ చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. బాంబులు తగ్గిన మాట నిజమే. ఎవడు ఎప్పుడు ఎక్కడుంటాడో తెలుసుకోవాలనే ఆకలి మాత్రం తగ్గలేదు. అది పార్టీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కుర్చీ వేసుకొని కూర్చుంది.

కుళ్లాయప్ప మేనమామ ఆదెన్నది తొండూరు దగ్గర పల్లె. శనగ కోతలు కాగానే ఆ పక్క కాపరులంతా జీవాలను జమ్మలమడుగు నల్లరేగడి చేలకు తోలుకొస్తారు. చేలో మంద నిలిపితే నేలకు ఎరువు, జీవాలకు మేత. కాపరికి ఆ రైతు గింజలు కొలుస్తాడు. చిక్కేమిటంటే ఒకే చేనికి నాలుగు మందలు వచ్చిపడేవి, పక్క ఊరి చేలు ఖాళీగా ఉండేవి. కుళ్లాయప్ప తెర పగిలిన ఒక పాత ల్యాప్‌టాప్‌ను సర్వర్‌గా మార్చి, అంగడి అటక మీద పెట్టాడు. దానికి 'మంద' అని పేరు పెట్టాడు. ఎవరు ఏ చేలో దిగారు, ఏ కుంట ఎండింది, ఎక్కడ రోగం తగిలింది, కాపరులు నోటితో చెబితే చాలు, అందరి ఫోన్లకూ చేరుతుంది; కావాలంటే ఒక్కరికే పంపుకోవచ్చు.

చెప్పడమే వాళ్లకు కష్టం. ఆ సీమలో ఉన్నచోటు చెప్పుకోవడం అలవాటు లేదు. ముందుగా అడిగింది నాగేశ్వరమ్మ. మొగుడు పోయాక నూరు జీవాలను ఒంటిచేత్తో మేపుకొచ్చిన మనిషి.

"మేము యాడుండామో ఆ పార్టీవోళ్లకు తెలిస్తే ఎట్లప్పా?"

"ఎవురికీ తెలీదు పిన్నమ్మా. పేర్లు పెట్టం. చెవి గుర్తులు పెట్టుకుందాం."

"తెలిస్తే?"

"నన్నడుగు. నాది పూచీ."

ప్రతి మందకూ చెవి కోతలో ఒక గుర్తు ఉంటుంది. ఆదెన్న 'ఎడమ చీలిక' అయ్యాడు, నాగేశ్వరమ్మ 'కుడి కొస' అయింది. నలభై ఒక్క మంది చేరారు. రెండు పార్టీల పల్లెల వాళ్లూ అందులో ఉన్నారు. కుళ్లాయప్ప మాట మీద చేరారు, అంతే.

జీవాల లెక్క కూడా చెప్పాలి, ఏ చేనికి ఎంత మంద సరిపోతుందో తెలియడానికి. కాపరి అసలు లెక్క బయటికి చెప్పడు, దిష్టి. ఆదెన్న ఒక్కొక్కరికి ఒక్కొక్క అంకె చెబుతాడు. అసలు లెక్క అతనికి తెలుసు, చిన్నప్పుడు అతని వెంట జీవాలు కాసిన కుళ్లాయప్పకు తెలుసు. ఇప్పటికీ ఏటా గొర్లు ఈని పిల్లలు పడ్డాక ఆదెన్న అంగడికొచ్చి అసలు లెక్క అల్లుడి చెవిలో చెప్పిపోతాడు.

కాపరుల కట్టడి ఇంకొకటుంది. మందకు ఒక్కడే కాపరి ఉండకూడదు, ఒకడు కన్ను మూస్తే ఇంకొకడు తెరిచి ఉండాలి. కుళ్లాయప్ప ఆ కట్టడిని సర్వర్‌కూ పెట్టాడు. రెండో కాపరిగా జనార్దన్‌ను తెచ్చుకున్నాడు.

జనార్దన్‌ది ప్రొద్దుటూరు, ఫోన్ విడిభాగాల అంగడి. పాలిటెక్నిక్‌లో ఇద్దరిదీ ఒకే బెంచీ. యజమాని లేని గుంపుల్లో ఇద్దరూ ఒకే రోజు చేరారు. చిన్నసుబ్బయ్య పక్కన కూర్చొని భోంచేసినవాడు, ఆ చెయ్యి చూసినవాడు. అందరి మాటలూ తెరుచుకునే సర్వర్ తాళం అతనికి ఇవ్వడానికి కుళ్లాయప్ప ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

కాపరులు వారానికోసారి పాస్‌వర్డ్ మరిచిపోయేవాళ్లు. "అందరి ఫోన్ నెంబర్లూ పెట్టుకుందాం రా, లేకుంటే మనం సచ్చిపోతాం" అన్నాడు జనార్దన్. నెంబరుంటే చెవి గుర్తు వెనక మనిషెవరో తెలిసిపోతుందని కుళ్లాయప్పకు ఇష్టం లేదు. అయినా ఆ రోజు పొద్దుటినుంచి పదకొండు మంది పాస్‌వర్డ్ అడిగి ఉన్నారు. సరేనన్నాడు.

రెండేళ్లు బాగా నడిచింది. 2019 ఎన్నికలకు రెండు నెలల ముందు ఆదెన్న ఎప్పటిలాగే, పదకొండేళ్లుగా మంద నిలిపే చేనికి జీవాలను తోలుకొచ్చాడు. రైతు గట్టు మీదే అడ్డం నిలబడ్డాడు.

"ఈ తూరి వద్దులే ఆదెన్నా."

"ఏమప్పా, మా పెంటికలు నీ చేనికి చేదయినాయా?"

"పైనుంచి చెప్పినారు. ఈ కాగితంలో ఉండేవాళ్లల్లో కొందరిని రానీయొద్దన్నారు. నేనేం చేసేది?" రైతు తలెత్తకుండా కాగితం చేతికిచ్చాడు. "తీసుకపో. నాకాడ ఇంకోటుంది."

ఆదెన్నకు చదువు రాదు. మందను వంకలో నిలిపి, చదివించుకోవడానికి తెలిసిన ఒకే ఒక్క చోటికి వచ్చాడు.

"చదువు అల్లుడా. నా మీద ఏం రాసినారో సూద్దాం ఈ నాకొడుకులు."

కుళ్లాయప్ప నవ్వుతూ అందుకున్నాడు. "ఎడమ చీలిక. ఆదెన్న. తొండూరు మండలం. జీవాలు నూట ఎనభై..." చివరి గడిలో ఒకటే మాట, 'కాదు'. పై వరసలో 'మనోడు', కింది వరసలో 'చూడాలి'.

"నూట ఎనభయ్యా?" ఆదెన్న వేళ్లు మడిచాడు. "పశువుల డాక్టరుకు నూటాయాభై చెప్పినా. మీ అత్తకు రెండొందలు చెప్పినా. నూట ఎనభై యాడ చెప్పినా అల్లుడా?"

కుళ్లాయప్పకు తెలుసు. అది అసలు లెక్క కాదు, 'మంద' కోసమని ఆదెన్న ఒక్కచోటే చెప్పిన అంకె. టైపు చేసిన వేళ్లు తనవే.

"మాట్లాడవేంది?"

"నా కాడ చెప్పినావు మామా."

ఆదెన్న చాలాసేపు అటక మీది ల్యాప్‌టాప్ కేసి చూశాడు. తరవాత కాగితం అడిగి తీసుకొని, నాలుగు మడతలు పెట్టి తలగుడ్డలో దోపుకొని వెళ్లిపోయాడు.

కుళ్లాయప్ప అంగడి మూసి ప్రొద్దుటూరు బస్సెక్కాడు.

"రారా కుళ్లాయీ, టీ చెప్తా" అన్నాడు జనార్దన్. కుళ్లాయప్ప, కాగితం ఆదెన్నకు తిరిగిచ్చే ముందు తీసుకున్న ఫొటోను ఫోన్‌లో తెరిచి గాజుబల్ల మీద పెట్టాడు. జనార్దన్ దాన్ని చూసి, పక్కనున్న చార్జర్ డబ్బాలు సర్దడం మొదలుపెట్టాడు.

"సర్వే అన్నార్రా. గొర్లకాపర్లకు ఏమేం కావాలో కనుక్కుంటామన్నారు."

"సర్వేలో 'కాదు' అని రాసిందెవురు?"

జనార్దన్ ఇంకో డబ్బా అందుకున్నాడు.

"ఓట్లు వస్తేనే మా గొర్లకు రోగాలుండేది వాండ్లకు యాదికొస్తాది అన్న్యాడు మా మామ. 'మంద'లో నాగేశ్వరమ్మతో అన్న్యాడు, ఒక్క ఆమెతోనే. దాన్ని నువ్వు కూచోని విన్నావు. నలభై ఒక్కమందివీ విన్నావు."

"కౌన్సిలరుగా నిలబెడతామన్నారు రా." జనార్దన్ గొంతు తగ్గింది, అంతలోనే లేచింది. "అయినా ఇప్పుడేమయింది? ఎవురన్నా సచ్చినారా? గడ్డే గదా పోయింది!"

"జీపు యేళ చెప్పినోడు గూడా అదే అన్న్యాడంట. యేళే గదా చెప్పినా అని."

టీ వచ్చింది. ఎవరూ తాగలేదు.

పెద్ద పెద్ద కంపెనీలు జనం గుట్టు పోగొట్టుకున్నప్పుడు సాంకేతిక లోపమని, చింతిస్తున్నామని ఒక ప్రకటన పడేస్తాయి. కుళ్లాయప్పకూ ఆ దారి ఉంది. కాపరుల్లో సర్వర్ అంటే ఏమిటో తెలిసినవాడు ఒక్కడూ లేడు, ఏం చెప్పినా నమ్మేవాళ్లు. అతను తన గొంతుతోనే చెప్పి 'మంద'లో పెట్టాడు: "మన మాటలు, మన నెంబర్లు పార్టీవోళ్లకు పోయినాయి. ఇచ్చింది జనార్దన్. వాణ్ని పెట్టింది నేను. నెంబర్లు తీసుకునేదానికి ఒప్పుకుంది నేను." అందరూ విన్నారని తేలిన మూడోనాడు ల్యాప్‌టాప్ ఆపేశాడు.

తరవాతి వారమంతా కాపరులు ఒక్కొక్కరే ఫోన్లు పట్టుకొని అంగడికొచ్చారు. నాగేశ్వరమ్మ తన ఫోన్‌ను బల్ల మీద పెట్టి కూర్చుంది.

"దీన్ని కంపెనీ ఇచ్చినట్ల చేసియ్యప్పా."

"అది శానా నిదానమైతాది పిన్నమ్మా. నువ్వు యాడ తిరిగేదీ వాండ్లకు తెలుస్తాంటాది."

"తెలియనీ. ఆ కంపెనోడు దొంగైనా, మా ఇంటికొచ్చి నాది పూచీ అనలేదు గదా."

కుళ్లాయప్ప ఫోన్ విప్పాడు. నాలుగేళ్లుగా తుడుస్తూ వచ్చిన సరుకునే మళ్లీ నింపడం మొదలుపెట్టాడు. అది పూర్తయ్యేదాకా నాగేశ్వరమ్మ తెర మీద నిండుతున్న గీత కేసే చూస్తూ కూర్చుంది. అట్లా నలభై ఫోన్లు అయ్యాయి.

ఆదెన్న ఒక్కడే రాలేదు. ఎన్నికలైపోయాక, ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు. చార్జింగు నిలబడటం లేదట. ఏం నొక్కాలో, ఏది ఆపాలో కుళ్లాయప్ప ఒక్కొక్కటే చెప్పాడు. అవతల జీవాల అరుపులు, ఎక్కడో దగ్గరలో నీళ్ల మోటారు చప్పుడు వినబడుతున్నాయి.

"యాడుండావు మామా?"

అవతల ఆదెన్న జీవాలను అదిలించాడు.

"ఉండాంలే అల్లుడా."

కుళ్లాయప్ప మళ్లీ అడగలేదు. పిల్లలు పడే కాలం దాటిపోయి నెలయింది, ఈసారి ఆదెన్న అంగడికి రాలేదు. అది గుర్తొచ్చి, "జీవాలు బాగుండాయా?" అన్నాడు.

"బాగుండాయప్పా" అన్నాడు ఆదెన్న. "నూట ఎనభై."